మేస్త్రి తోలాడు, నేను తరిమాను

ముప్ఫై ఒక్క ఏళ్ళ ఉద్యోగంలో నేను చేసిన తెలివితక్కువ పనులు చాలా ఉన్నాయి గానీ, వాటన్నిటికీ రాజులాంటిది ఒకటుంది. ఒక మనిషి మాటను అతను అడక్కుండానే దిద్దాను. ఎంత బాగా దిద్దానంటే, చదివి నా భుజం నేనే తట్టుకున్నాను. ఇంతకంటే చక్కగా చెడగొట్టిన అనుభవం మీలో ఎవరికైనా ఉంటే రండి, పోటీకి నేను సిద్ధం.

మాది తునిలో కిరాణా కొట్టు. మా నాన్న, బాబాయిలు, మేనమామలు అందరూ కొట్లవాళ్ళే. ఎవరు ఏది అడిగినా మొదట ‘కుదరదు’ అనడం, ఆ తరవాత మెల్లగా కుదర్చడం నాకు నడకతో పాటే వచ్చిన విద్య. దాన్ని నమ్ముకునే మస్కట్ వచ్చాను. అల్ మవాలేలో ఒక టైపింగ్ ఆఫీసులో అరబీ, ఇంగ్లీషు, హిందీ, తెలుగు కాగితాలు రాసిపెడుతూ జుట్టు తెల్లబరుచుకున్నాను. లీవు కాగితం, క్యాన్సిల్ కాగితం, పోయిన పాస్‌పోర్టుకి అర్జీ, ఏదైనా సరే. ఇప్పుడు రిటైరయ్యాను. మా ఆవిడ ఇక్కడి స్కూల్లో టీచరు కాబట్టి ఆవిడ వీసా మీద ఉంటున్నాను. కొత్త బతాకా, అంటే ఇక్కడి గుర్తింపు కార్డు, చేతికొచ్చిన రోజున, “ఇన్నాళ్ళకి మీ స్థానం కాగితం మీద కూడా తేలింది” అంది ఆవిడ.

అనువాదం, రాతపని చేద్దామనుకునే కుర్రకారు ఈమధ్య సలహాలు అడుగుతున్నారు. సలహా ఇవ్వను. నా చివరి పని సంగతి చెబుతాను, మీకు కావలసింది మీరు ఏరుకోండి.

ఇక్కడి ఒక కాలేజీలో చరిత్ర చెప్పే యూరప్ మేడమ్ ఒకావిడ మా ఆఫీసుకి వచ్చింది. ఇరాక్ సైన్యం కువైట్‌లోకి దిగినప్పుడు అక్కడ చిక్కుకుని బయటపడ్డవాళ్ళు కొందరు ఇప్పుడు ఒమాన్‌లో పనిచేస్తున్నారు. వాళ్ళు ముసలివాళ్ళై ఇళ్ళకి వెళ్ళిపోయేలోగా, ఎవరి భాషలో వాళ్ళచేత ఆ రోజుల సంగతి చెప్పించి, రికార్డు చేసి, పుస్తకం వెయ్యాలని ఆవిడ పట్టుదల. తెలుగువాళ్ళు పధ్నాలుగు మంది దొరికారు. వాళ్ళ మాట రాసిపెట్టడానికి నేను.

నియమాలు రెండే. రికార్డింగును మూడుసార్లు వినాలి. రాసింది తీసుకెళ్ళి, చెప్పిన మనిషికి పైకి చదివి వినిపించి, సరే అన్నాకే సంతకం తీసుకోవాలి.

“కుదరదు మేడమ్. మూడుసార్లు ఎందుకు? నాది ముప్ఫై ఏళ్ళ చెవి,” అన్నాను.

అప్పుడు ఆవిడ తన అమ్మమ్మ సంగతి చెప్పింది. హిట్లర్ కాలంలో యూదుల్ని బంధించిన క్యాంపు నుంచి బతికి వచ్చిన మనిషట. యుద్ధం అయ్యాక ఆమె చెప్పిందంతా ఎవరో పెద్దమనిషి మంచి భాషలోకి మార్చి టైపు చేశాడట. “చాలా చక్కటి కాగితం. జరిగిందంతా అందులో ఉంది. మా అమ్మమ్మ మాత్రం లేదు. ఆవిడ అలా మాట్లాడదు. ఎంత వెతికినా ఆవిడ గొంతు మాకు దొరకలేదు,” అంది.

నేను తల ఊపాను. సరుకు అమ్మేవాళ్ళు సరుకు గురించి ఏదో ఒక కథ చెబుతారు కదా అనుకుని, మూడుసార్లు వినడాన్ని రెండుకి దింపాను. సంతకాల కోసం నిజ్వా, ఇబ్రా లాంటి దూరపు ఊళ్ళు తిరిగే బదులు వాట్సాప్‌లో పంపి ‘సరే’ అనిపించుకుంటానని ఒప్పించాను. మేడమ్ అయిష్టంగానే, “నీ మాట మీద,” అంది. బేరం కుదిరింది. నిజం చెప్పాలంటే ఆ రెండుసార్లు కూడా వినలేదు. ఒక్కసారే విన్నాను.

రికార్డింగ్ చూసుకునేది ఒక మలయాళీ పెద్దాయన. మైకులు, వైర్ల మధ్యే బతికిన మనిషి. అందర్నీ ‘మాషే’ అంటాడు, వాళ్ళ భాషలో మాస్టారూ అని. తెలుగు ఒక్క ముక్క తప్ప రాదు. మేమిద్దరం హిందీలో మాట్లాడుకునేవాళ్ళం, ఇద్దరికీ సమానంగా రాదు కాబట్టి గొడవలు తక్కువ. ఆయన పద్ధతేమిటంటే, ఏ రూముకి వెళ్ళినా ముందు ఏసీ ఆపేస్తాడు. తరవాత ఫ్రిజ్ ఆపేస్తాడు. ఆ తరవాత నన్ను కూడా ఊపిరి మెల్లగా పీల్చమంటాడు.

ఆ పధ్నాలుగు మందిలో ఒకడు ఇబ్రాలో ఉండే మేస్త్రి, అతని రూములోనూ అదే జరిగింది. జగిత్యాల వైపు మనిషి. అరవైకి దగ్గర పడ్డాడు. రెండు నెలల్లో కంపెనీ వీసా క్యాన్సిల్ చేసి ఇంటికి పంపుతోంది. మేం వస్తున్నామని రూములో ఉన్న మిగతా ఐదుగుర్నీ బయటికి పంపి, మంచాలు సర్ది, టిన్ను పాలతో చిక్కటి చాయ్ కాచి ఉంచాడు. రెండు గంటలు మాట్లాడాడు. చెప్పిందే చెప్పాడు, ముందుది వెనక, వెనకది ముందు. ఏసీ లేని ఆ గదిలో నా చొక్కా వీపుకి అతుక్కుపోయింది. ఎప్పుడు ముగిస్తాడా అని చూస్తూ కూచున్నాను.

కథ ఇదీ. అప్పటికి అతనికి పాతికేళ్ళు లేవు. కువైట్‌లో ఒక సైట్‌లో పని. తన ఊరివాడే, పక్కింటివాడు ఒకడు తోడున్నాడు, ఇతన్ని ‘అన్నా’ అనేవాడు. యుద్ధం వచ్చింది, యజమాని పారిపోయాడు, తిండి కరువైంది. తోడున్నవాడికి జ్వరం పట్టుకుంది. జోర్డాన్ వైపు పోయే బస్సు ఒకటి దొరికింది. ఆ తోడున్నవాడు అందులో వెళ్ళి ఇల్లు చేరాడు. చేరాక రెండు నెలలకి పోయాడు. మేస్త్రి మాత్రం ఇంకో మూడు వారాలు అక్కడే ఆకలితో తిరిగి, తరవాత బయటపడ్డాడు.

ఇంటికొచ్చి రాయడానికి కూచున్నాను. ఆ భాష నాకు నచ్చలేదు. ఇంత కష్టం పడ్డ మనిషి అచ్చులో కాస్త మర్యాదగా కనబడాలి కదా అనిపించింది. చూశారా, ఎంత దయో నాకు! ‘బుక్కెడు బువ్వ’ను ‘కొద్దిపాటి ఆహారం’ చేశాను. ఒకే సంగతి మూడుసార్లు చెప్పిన చోట రెండు కొట్టేసి ఒకటి ఉంచాను. ఉంచాననుకున్నాను. అనవసరం అనిపించిన సామానూ సరంజామా తీసేశాను. బస్సు దగ్గరి ఘట్టం నా చేతిలో ఇలా తయారైంది:

‘అతనికి జ్వరంగా ఉంది. వెళ్ళనని మొండికేశాడు. తిట్టాను. చెయ్యి పట్టుకుని ఈడ్చి, అక్కణ్ణించి తరిమేశాను. మళ్ళీ అతని ముఖం చూడలేదు.’

మలయాళీ పెద్దాయన తన దగ్గరి రికార్డింగు సరిచూసుకుంటూ ఒకరోజు ఫోన్ చేశాడు. “మాషే, ఈ ముప్ఫై నాలుగో నిమిషం దగ్గర ఏం చెబుతున్నాడు?”

చెప్పాను.

“తరిమేశాడా? మరి ఇక్కడ నవ్వాడేం?”

“కొంతమంది బాధలో నవ్వుతారు భాయ్.”

“నేను చాలామంది నవ్వు రికార్డు చేశాను. ఇది ఆ నవ్వు కాదు.”

తెలుగు రాని మనిషి తెలుగు గురించి నాకు చెప్పడమా అనుకుని మాట మార్చాను. ఫైలు మేస్త్రికి పంపాను. రెండు చేతులు జోడించిన బొమ్మ వచ్చింది. సంతకం అయిపోయినట్టే.

పది రోజుల తరవాత మేస్త్రి ఫోన్.

“సారూ, మంచిగున్నరా?”

“బాగున్నాను మేస్త్రీ. చదివారా? ఎలా ఉంది?”

“నేనేడ సదువుత సారూ, కండ్లు ఆనుతలేవు. నా ముచ్చట అచ్చయితున్నదని సంబురంగ ఊరి గ్రూపుల ఏసిన. ఆళ్ళు సదివిండ్రు.”

“ఏమన్నారు?”

“తమ్మున్ని తరిమినవట గదా, అన్నరు.”

ఆ పోయినవాడి భార్య ఆ ఊళ్ళోనే ఉంది. అప్పుడు ఉయ్యాల్లో ఉన్న కొడుకు ఇప్పుడు సంసారి. ఆ కొడుకే ఫోన్లో చూసి తల్లికి పైకి చదివాడట.

“ఆ బస్సు ముచ్చట నేనెన్నడు ఆమె ముంగట ఎత్తలే సారూ. ఇప్పుడు ఆమె ఏడ్వలే, తిట్టలే. ‘జెరమొచ్చినోణ్ణి ఎందుకు తరిమినవ్ బావా’ అని ఒక్క మాట అడిగింది. నేను తరమలే గదా, జవాబు ఏడికెల్లి అస్తది?”

“మరి మీరే అన్నారుగా మేస్త్రీ, తోలాను అని.”

“తోలిన అన్న.”

“రెండూ ఒకటేగా. మావైపు గేదెల్ని తోలతాం, ఈగల్ని తోలతాం.”

“మీ తాన ఆడపిల్లను అత్తగారింటికి ఏం జేస్తరు సారూ?”

“పంపుతాం.”

“మేం తోలుతం. పిల్లగాన్ని బడికి తోలుతం. పండుగకు బిడ్డను తోల్కస్తం. గట్ల తోలిన సారూ ఆన్ని.”

ముప్ఫై ఏళ్ళుగా తెలంగాణవాళ్ళ కాగితాలు రాస్తున్నాను. వాళ్ళ పేర్లు, తండ్రుల పేర్లు, ఊళ్ళు, కంపెనీలు, జీతాలు అన్నీ అడిగాను. బిడ్డను అత్తగారింటికి ఏం చేస్తారో మాత్రం ఎప్పుడూ అడగలేదు.

“నెల దినాలైతే నేను ఊరికి పోవాలె. మా ఇంటికి, ఆమె ఇంటికి నడుమ ఒక్కటే గోడ. ఆ పిల్లగాడు పెద్దనాయనతోని మాటలు బందు అన్నడట. ఏం మొకం పెట్టుకొని పోను?”

నేను వెంటనే కొట్టు తెరిచాను. కొత్త ఫైలు పంపుతానన్నాను. కుదరదన్నాడు. సవరణ పత్రం, స్టాంపు వేసి, మేడమ్ సంతకంతో ఇస్తానన్నాను. కుదరదన్నాడు.

“కాయిదంతోనే గదా గింత లొల్లి అయ్యింది? ఇంకో కాయిదం ఎందుకు? మీరే ఆమెతోని మాట్లాడుండ్రి.”

“నేనా? ఆవిడెవరో నాకు తెలీదు మేస్త్రీ.”

“నేను తరిమిన్నని రాసేటప్పుడు తెలుసా సారూ?”

నా జీవితంలో అవతలి మనిషి ఒక్క మెట్టు కూడా దిగని బేరం అదొక్కటే.

పక్క వీధిలో మలయాళీ పెద్దాయన ఫ్లాటుకి వెళ్ళాను. ‘నేను చెప్పలేదా’ అంటాడనుకున్నాను. అనలేదు. ఏసీ ఆపి, ముప్ఫై నాలుగో నిమిషానికి కొంచెం ముందు నుంచి పెట్టాడు. రెండోసారి వినడం అప్పుడు మొదలుపెట్టాను.

“గా బస్సుల ఒక్కటే సీటు ఉండె సారూ. నేను ఎక్కాల్నా, ఆడు ఎక్కాల్నా? ఆనికి జెరం. ‘నువ్వు రాకుంటే నేను పోనే అన్నా’ అని ఇసుకల కూసున్నడు. తిట్టిన. రెక్కవట్టి గుంజి ఎక్కిచ్చిన. మల్ల దిగుతడని నా లుంగీతోని సీటుకు కట్టిన.” ఇక్కడ నవ్వు. “తోలిన. మల్ల మొకం జూడలే. జూస్తే దిగుతడు.”

ఒక్కటే సీటు. ఆ మాట అతను మూడుసార్లు చెప్పాడు. రెండు కొట్టేసి ఒకటి ఉంచాననుకున్నవాణ్ణి మూడూ కొట్టేశాను. లుంగీ సామానులో పోయింది. మిగిలిందాన్ని పట్టుకుని, సీటు ఇచ్చిన మనిషిని గెంటేసిన మనిషిని చేశాను.

మేడమ్‌కి అంతా చెప్పాను. రెండోసారి వినలేదన్న సంగతి కూడా కలిపి చెప్పాను. ఆవిడ అచ్చు ఆపమని ప్రెస్‌కి ఫోన్ చేసి, “ఆయన నిన్ను ఏం చెయ్యమన్నాడు?” అంది.

“మాట్లాడమన్నాడు.”

“అయితే అది చెయ్యి.” అంతే. ఆవిడ నాలుగు తిట్టి ఉంటే నాకు కాస్త సులువుగా ఉండేది.

శుక్రవారం పొద్దున్న మలయాళీ పెద్దాయన కారులో ఇబ్రా వెళ్ళాం. రెండు గంటల దారిలో నేను చెప్పాల్సింది కాగితం మీద రాసుకుని మూడుసార్లు చదువుకున్నాను. ఏనాడూ ఏ పనికీ అంత తయారవలేదు. మేస్త్రి ఇస్త్రీ చొక్కా తొడుక్కుని మంచం అంచున కూచున్నాడు. వీడియో కాల్ కలిపాడు.

ఆవిడ వాకిట్లో కూచుని బీడీలు చేస్తోంది. ఒళ్ళో చాట, చాటలో ఆకు, తంబాకు. కొడుకు ఫోన్ పట్టుకుని నిలబడ్డాడు, మొహం చూపించలేదు. ఆవిడ నన్ను ఒకసారి చూసి మళ్ళీ చేతి పనిలో పడింది.

నేను కాగితం తీశాను. “అమ్మా, నమస్కారం. సాక్ష్యాన్ని లిఖితరూపంలోకి మార్చే క్రమంలో పదప్రయోగానికి సంబంధించి నావల్ల ఒక పొరపాటు...”

“సారూ, జర తెలుగుల చెప్పుండ్రి.”

మేస్త్రి దగ్గాడు. నేను కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను.

“తప్పు నాదమ్మా. మేస్త్రి తోలిన అన్నాడు. ఆ మాట నాకు తెలీదు. తెలియనప్పుడు అడగాలి, అడగలేదు. తరిమాను అని రాశాను.”

ఆవిడ బీడీకి దారం చుట్టింది. “మీది ఏ ఊరు సారూ?”

“తుని.”

“ఆడ తెలుగు కాదా?”

“తెలుగేనమ్మా.”

“మరి?”

ముప్ఫై ఏళ్ళలో నన్ను ఎందరో ఆఫీసర్లు ప్రశ్నలు అడిగారు. ఇంత చిన్న ప్రశ్న ఎవరూ వెయ్యలేదు. నేను మలయాళీ పెద్దాయన వైపు చూశాను. ఆయన అప్పటికే ఏసీ ఆపేసి, స్పీకరు ఫోన్ దగ్గరికి జరిపి ఉన్నాడు. టేపు పెట్టాడు.

‘ఒక్కటే సీటు’ దగ్గర ఆవిడ చెయ్యి నెమ్మదించింది. ‘నువ్వు రాకుంటే నేను పోనే అన్నా’ దగ్గర కొడుకు మొహం ఫోన్లోకి వచ్చింది. లుంగీ దగ్గర చాట మీద చేతులు పూర్తిగా ఆగిపోయాయి.

“మల్లొక్కసారి పెట్టుండ్రి,” అంది.

మళ్ళీ పెట్టాడు. నవ్వు వచ్చింది, ‘తోలిన’ వచ్చింది. అయిపోయాక ఆవిడ తలెత్తి ఫోన్ వైపు చూసింది.

“బావా, గా లుంగీ పచ్చ గళ్ళదా?”

మేస్త్రి ముందుకి వంగాడు. “అవ్ అమ్మా. పచ్చ గళ్ళది. నీకెట్ల ఎరుక?”

“ఇంటికొచ్చినంక గూడ నడుముకెల్లి ఇప్పనియ్యలే. ఎవలదయ్యా గిది అంటె, అన్న తోలేటప్పుడు కట్టిండు అన్నడు. లుంగీ కట్టి తోలుడేంది, జెరంల ఏమో అంటున్నడు అనుకున్న. గిన్నేండ్లు గట్లనే అనుకున్న.” చాటలోంచి ఒక ఆకు తీసి మళ్ళీ అందులోనే పెట్టింది. “సోయిల ఉండే చెప్పిండన్నట్టు.”

మేస్త్రి లేచి పొయ్యి దగ్గరికి వెళ్ళి, అప్పటికే ఆపేసిన పొయ్యిని మళ్ళీ ఆపాడు. మేమిద్దరం అటు చూడలేదు.

“బావా, ఉన్నవా?”

“ఉన్న అమ్మా.”

“నీ లుంగీ నా పెట్టెలనే ఉన్నది. అచ్చి తీస్కపో. నేను బాకీ ఉండ.”

“గిప్పుడది నాకు సరిపోతదా?”

“పొట్టకు సరిపోకుంటె తలకు చుట్టుకో.”

కొడుకు నవ్వాడు. ఫోన్ కదిలి వాకిలి, గోడ, కాస్త ఆకాశం కనబడ్డాయి. “పెద్దనాయినా, టికెట్ ఎన్నటికి?” అని అడిగాడు. ఎయిర్‌పోర్టుకి తనే బండి తెస్తానన్నాడు. కాల్ పెట్టెయ్యబోతుండగా ఆవిడ గొంతు వినబడింది: “గా తుని సారుకు చెప్పుండ్రి, ఈసారి తెల్వకుంటె అడుగుమని.”

మేస్త్రి కోడికూర వండి ఉంచాడు. మలయాళీ పెద్దాయన మూడుసార్లు పెట్టించుకున్నాడు. తిరుగు దారిలో మనసు తేలిగ్గా ఉంది. చీవాట్లు తిని కడుపునిండా అన్నం కూడా తిన్నవాడి సుఖం అది, అనుభవిస్తే గాని తెలియదు. సినావ్ రోడ్డు దాటాక పెద్దాయన అన్నాడు: “మాషే, లుంగీని ఎందుకు తీసేశావు?”

“అనవసరం అనుకున్నాను.”

“మంచిది,” అన్నాడు. ‘మంచిది’ అనడం ఒక్కటే ఆయనకి వచ్చిన తెలుగు. దాన్ని ఎప్పుడు వాడాలో ఆయనకి నాకంటే బాగా తెలుసు.

మేస్త్రి మాట అతను చెప్పినట్టే, బువ్వతో, లుంగీతో, మూడు ‘ఒక్కటే సీటు’లతో అచ్చయింది. మా ఆవిడ చదివి, “ఇందులో మీ పనేం కనబడటం లేదే,” అంది. నా రాతకి వచ్చిన మెప్పుల్లో అది నేను దాచుకున్నది.

ఆ తరవాత మిగతా పదమూడు మందినీ మొదటి నుంచి మళ్ళీ విన్నాను. ఒక్కొక్కరిని మూడుసార్లు, ఏసీ ఆపి. రెండు నెలలు పట్టింది. కొందరి మాటని నేను తోమి మెరుగు మాత్రమే పెట్టాను, అర్థం చెడలేదు. అర్థమే మారిపోయినవి తొమ్మిది తేలాయి. నిర్మల్ మనిషి ఒకాయన, సైనికులు తిరుగుతున్నప్పుడు ఫోర్‌మన్ తమని ‘పైలంగ ఉండుమన్నడు’ అని చెబితే, జాగ్రత్తగా ఉండమనడం అని తెలియక పాపం ఆయన్ని మేడ ఎక్కించాను. ఆయన విని పడీపడీ నవ్వి, “గా మేడ మీద నన్ను ఇన్నొద్దులు ఉంచితివా సారూ,” అన్నాడు. అలా ఏడుగురికి ఫోన్ చేసి, చదివి వినిపించి, క్షమాపణ చెప్పి సరిచేశాను. ఎవరూ పెద్దగా కోప్పడలేదు.

రెండు మిగిలాయి. టేపులో ఆ మాటలు వినబడుతున్నాయి గానీ, ఏ అర్థంలో అన్నారో అన్నవాళ్ళే చెప్పాలి. ఒకాయన ఇంటికి వెళ్ళిపోయాడు, నంబరు పనిచెయ్యడం లేదు. ఇంకొకాయన పుస్తకం రాకముందే పోయాడు. పుస్తకంలో ఆ రెండు మాటల్నీ వాళ్ళు పలికినట్టే ఉంచి, ‘రాసినవాడికి అర్థం కాలేదు, అడగాల్సినప్పుడు అడగలేదు’ అని కింద వేయించాను.

తొమ్మిదిలో ఏడు పోతే రెండు. ఆ రెంటి బాకీకీ తగ్గింపు లేదు.